ఆడిషన్‌కి ఏ పాట తీసుకెళ్లాలి, అక్కా?

ప్రశ్న: అక్కా, మాది తెనాలి. ఆరేళ్లుగా డాలస్ దగ్గర సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. వయసు 28. మా తాతయ్య పద్యనాటకాలకి హార్మోనియం వాయించేవారు. చిన్నప్పుడు ఆయన పక్కన కూర్చుని రాయబారం పద్యాలన్నీ నేర్చుకున్నాను. ఇక్కడ మా ఊళ్లో సరదాగా నాటకాలు వేసే కమ్యూనిటీ థియేటర్ ఒకటి ఉంది. పోయినేడు వాళ్ల మ్యూజికల్‌కి, అంటే పాటలతో నడిచే నాటకానికి, ఆడిషన్ ఇచ్చాను. ఫోన్‌లో కరోకే ట్రాక్ పెట్టుకుని ఈ మధ్య రేడియోలో వస్తున్న పాట ఒకటి పాడాను. సగంలోనే థాంక్యూ అన్నారు. పాత్ర రాలేదు. ఈసారి ‘ఫిడ్లర్ ఆన్ ద రూఫ్’ వేస్తున్నారు. ఇంకా ఐదు వారాలుంది. ‘16 నుంచి 32 బార్లు, ఈ షో శైలికి దగ్గరగా ఉండే పాట, ఈ షోలోది మాత్రం వద్దు, షీట్ మ్యూజిక్ తెచ్చుకోవాలి, పియానో వాయించేవారు ఉంటారు’ అని ప్రకటనలో ఉంది. ఇందులో సగం నాకు అర్థం కాలేదు. షో ట్యూన్ అంటే మన సినిమా పాటలాంటిదే కదా? నా యాస, నా రూపం చూసి అసలు తీసుకుంటారా అని కూడా టెన్షన్‌గా ఉంది. ఏ పాట పాడమంటారు?

సమాధానం:

తమ్ముడూ, అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తాను.

ముందు ఆ థాంక్యూ సంగతి తేల్చేద్దాం. దాన్ని ఏడాదిగా మనసులో మోస్తున్నట్టున్నావు. ఇరవై ఏళ్లకు పైగా ఇలాంటి ఆడిషన్లలో పియానో దగ్గర కూర్చున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను. బల్ల వెనక ఉన్నవాళ్లు ఒక్క సాయంత్రంలో పదుల మందిని వినాలి. తమకి కావలసింది తెలియగానే ఆపేస్తారు. బాగా పాడినవాళ్లనీ ఆపుతారు. ఆ తర్వాత వాళ్లలో కొందరికి పెద్ద పాత్రలు రావడం నేను చూశాను. కాబట్టి నిన్ను ఆపడం నీ గొంతు మీద ఇచ్చిన తీర్పు కాదు. అయితే నువ్వు తీసుకెళ్లిన పాట నీకు సాయం చేయలేదన్నది నిజం. రేడియోలో వచ్చే పాట ఒక భావం దగ్గర మొదలై చాలాసార్లు ఆ భావంలోనే ముగుస్తుంది. దాన్ని ఎంత బాగా పాడినా ‘ఈ అబ్బాయి నటించగలడా?’ అన్న ప్రశ్నకి జవాబు దొరకదు. వాళ్లు వినడానికి కూర్చున్నదే ఆ జవాబు కోసం.

ఇక నీ అసలు ప్రశ్న, షో ట్యూన్ అంటే ఏమిటని. దానికి జవాబు నీ దగ్గరే ఉంది. తాతయ్య పక్కన కూర్చుని రాయబారం నేర్చుకున్నావు కదా. సభలో కృష్ణుడు వచనం మాట్లాడుతూ మాట్లాడుతూ ఒకచోట పద్యం ఎత్తుకుంటాడు. ఎందుకు? మామూలు మాట ఇక చాలదు కాబట్టి. ఎదురుగా ధృతరాష్ట్రుడున్నాడు, దుర్యోధనుడున్నాడు. కృష్ణుడికి వాళ్ల దగ్గర ఒక పని ఉంది. ఒక పద్యంలో నచ్చజెబుతాడు, ఇంకో పద్యంలో హెచ్చరిస్తాడు. షో ట్యూన్ కూడా ఇదే పని చేస్తుంది. మాట చాలని చోట పాట పుడుతుంది, పాట మొదట్లో ఉన్న మనిషి పాట చివర్లో ఇంకోచోట ఉంటాడు. నిర్ణయం తీసుకునో, ధైర్యం తెచ్చుకునో, ఒక ఆశ వదులుకునో ఉంటాడు. మన సినిమా పాటల్లో చాలావాటిని కథలోంచి తీసేసినా కథ నడుస్తుంది. మంచి మ్యూజికల్‌లో పాట తీసేస్తే తర్వాతి సీన్ అర్థం కాదు.

తేడా కూడా ఒకటుంది, నీకు చిక్కు వచ్చేది అక్కడే. పద్యనాటకంలో చివరి పాదం మీద రాగం సాగదీస్తారు, జనం వన్స్‌మోర్ అంటారు, నటుడు మళ్లీ పాడతాడు. కథ ఆగినా ఎవరూ ఏమీ అనుకోరు, నిజానికి అది వినడానికే కొందరు వస్తారు. మ్యూజికల్‌లో అలా ఆగడానికి వీల్లేదు. రాగం మాటని దాటి ముందుకు పోకూడదు.

‘ఫిడ్లర్’లోనే ఒక పాట విను, నేను చెప్పేది వెంటనే తెలుస్తుంది. టెవ్యే అనే పాలవాడు పెళ్లయిన 25 ఏళ్ల తర్వాత భార్య గోల్డేని ‘నన్ను ప్రేమిస్తున్నావా?’ అని అడుగుతాడు. వాళ్లు మొదటిసారి ఒకరినొకరు చూసుకున్నదే పెళ్లిరోజున. ఆవిడకి ఆ ప్రశ్నే వింతగా ఉంటుంది. ఇన్నేళ్లూ చేసిన వంట, ఉతికిన బట్టలు, పెంచిన పిల్లలు, అన్నీ చెబుతూ ప్రశ్నని పక్కకి నెడుతుంది. ఆయన వదలడు. చెబుతూ చెబుతూ ఆవిడే ఒకచోట ఆగి, ఇది ప్రేమ కాకపోతే మరేమిటి అనుకుంటుంది. గొప్ప స్వరవిన్యాసం ఏమీ లేదు, దాదాపు మాట్లాడుకున్నట్టే ఉంటుంది. మన ఇళ్లల్లో అమ్మమ్మ, తాతయ్యల్ని చూసినవాళ్లెవరైనా ఆ పాట విని కళ్లు తుడుచుకుంటారు. నేను ఆ పాట ఎన్నిసార్లు వాయించానో లెక్కలేదు, ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

ఈ షో గురించి ఇంకొంచెం తెలుసుకుని వెళ్లు. 1964లో న్యూయార్క్‌లో పెద్ద నాటకశాలలుండే బ్రాడ్‌వేలో మొదలైంది. సంగీతం జెర్రీ బాక్, పాటలు షెల్డన్ హార్నిక్, కథనం జోసెఫ్ స్టైన్. తూర్పు ఐరోపా యూదుల భాష యిడ్డిష్‌లో షోలమ్ అలేకెమ్ రాసిన కథలే దీనికి ఆధారం. 1905 నాటి జార్ చక్రవర్తి రష్యాలో అనటెవ్కా అనే యూదు పల్లె, టెవ్యే, అతని ఐదుగురు కూతుళ్లు. పెళ్లిళ్లు పెద్దలు కుదర్చాలన్నది ఊరి ఆచారం, కూతుళ్లు ఒక్కొక్కరే ఆ గీత దాటుతుంటారు. దర్శకుడు జెరోమ్ రాబిన్స్ ఈ షో దేని గురించి అని రచయితల్ని పదేపదే అడిగేవారట. పాలవాడి గురించి, కూతుళ్ల పెళ్లిళ్ల గురించి అంటే ఒప్పుకోలేదు. చివరికి ఆచారం గురించి అని తేలింది. మొదటి పాట అలా పుట్టింది. ఆడిషన్‌కి వెళ్లే ముందు 1964 నాటి రికార్డింగ్ మొదటినుంచి చివరిదాకా విను, వీలైతే నాటకం చదువు. నువ్వు ఈ షోలో పాట పాడవు, నిజమే. కానీ ఏ ఊళ్లో అడుగుపెట్టబోతున్నావో తెలియాలి కదా.

నీ వయసుకి సరిపోయే పాత్రలు ముఖ్యంగా రెండు. మోటెల్ దర్జీ. పేదవాడు, భయస్తుడు, టెవ్యే ముందు నోరు పెగలదు, అయినా ధైర్యం కూడగట్టుకుని ఆయన పెద్దకూతుర్ని అడుగుతాడు. రెండోవాడు పెర్చిక్, ఊళ్లోకి వచ్చిన విప్లవ భావాల విద్యార్థి. మోటెల్ పాట కొంచెం పై స్థాయిలో ఉంటుంది. ఏ పాత్ర కోసం అడగబోతున్నావో నువ్వు ముందే అనుకుంటే పాట వెతకడం తేలికవుతుంది.

‘ఈ షో శైలికి దగ్గరగా’ అంటే ఆ కాలపు పాట అని. 1943లో ‘ఓక్లహోమా!’ వచ్చినప్పటినుంచి 1960ల నడిమి వరకు వచ్చిన షోలని ఇక్కడివాళ్లు స్వర్ణయుగం అంటారు. ఆ పాటల్లో బాణీ గుర్తుండిపోతుంది, మాట స్పష్టంగా వినబడుతుంది, పియానో గాయకుడికి అండగా ఉంటుంది. ఈ ఆడిషన్‌కి ఈ కాలపు మ్యూజికల్ ‘హామిల్టన్’లోంచి ర్యాప్ తీసుకెళ్లకు. ఎంత బాగా చేసినా, ఈ అబ్బాయి ప్రకటన చదవలేదనుకుంటారు.

అందరికంటే తేలికైన దారి, అదే రచయితల ఇంకో షోలోకి వెళ్లడం. బాక్, హార్నిక్ ఇద్దరూ ‘ఫిడ్లర్’కి ఏడాది ముందు, 1963లో, ‘షీ లవ్స్ మీ’ అని చేశారు. నా ఓటు దానికే. సెంట్లు, పౌడర్లు అమ్మే దుకాణంలో జార్జ్ అనే గుమాస్తా. పేరు కూడా తెలియని ఒక అమ్మాయికి ఉత్తరాలు రాస్తుంటాడు. ఆమె తన దుకాణంలోనే పనిచేస్తూ తనతో రోజూ పోట్లాడే అమ్మాయేనని అతనికి తెలియదు. ఆ రాత్రి ఎనిమిదింటికి ఆమెని మొదటిసారి కలవాలి. ఆ కంగారులో పాడే పాట ‘టునైట్ యట్ ఎయిట్’. వేగంగా నడుస్తుంది, మాటలు ఒకదాని మీద ఒకటి పడుతుంటాయి, ఆశా భయమూ ఒకే ఊపిరిలో వస్తాయి. మోటెల్ దర్జీ గుండె కూడా ఇలాగే కొట్టుకుంటుంది. బల్ల వెనకవాళ్లకి నువ్వు విడమర్చి చెప్పనక్కర్లేదు, వాళ్లే పోల్చుకుంటారు. అదే షోలో తర్వాత, ఆమెకి తనంటే ఇష్టమని తెలిసినప్పుడు అతను పాడే పాట షో పేరుతోనే ఉంటుంది. సంతోషం పట్టలేక పాడేది. వేగంగా మాట పలకడం నీకు ఇబ్బందైతే ఇది పట్టుకో.

కొంచెం నిదానమైన పాట కావాలంటే ‘మై ఫెయిర్ లేడీ’లో ఫ్రెడ్డీ పాడే ‘ఆన్ ద స్ట్రీట్ వేర్ యూ లివ్’ ఉంది. ప్రేమించిన అమ్మాయి బయటికి రాకపోయినా ఆమె ఇంటి ముందు వీధిలో నిలబడితే చాలనుకునేవాడి పాట. 1956 నాటిది. చాలామంది పాడతారు. చాలామంది పాడే పాట వద్దని ఇక్కడ సలహా చెబుతుంటారు. పెద్ద నగరాల ఆడిషన్లకి అది సరే. మీ ఊరి కమ్యూనిటీ థియేటర్‌కి నువ్వు నిజంగా నమ్మి పాడితే ఏ ఇబ్బందీ లేదు.

ఏ పాట వద్దో కూడా చెబుతాను. నీకంటే పదిహేనేళ్లు పెద్దవాడు జీవితాన్ని వెనక్కి తిరిగి చూసుకునే పాట వద్దు. ‘కరౌసెల్’లో బిల్లీ పాడే పెద్ద స్వగతంలాంటివి వద్దు, అది ఏడెనిమిది నిమిషాలు నడుస్తుంది, ముక్క కోస్తే ప్రాణం పోతుంది. మ్యూజికల్స్‌కి బాణీలు, పాటలు రాసిన స్టీఫెన్ సాండ్‌హైమ్ పాటలంటే నాకు ప్రాణం, కానీ వాటిలో చాలావాటికి పియానో భాగం కష్టం. ముందుగా చూడకుండా వాయించేవారు ఎక్కడైనా తడబడితే నువ్వూ తడబడతావు.

ఏ పాట ఎంచుకున్నా ఒక్క పరీక్ష పెట్టు. పాట మాటలు కాగితం మీద రాసుకుని, బాణీ లేకుండా, ఎదురుగా ఒక మనిషి ఉన్నట్టు మాట్లాడు. ఎవరితో మాట్లాడుతున్నావు? అతని దగ్గర ఏం కావాలి? ఇప్పుడే ఎందుకు? చివరి మాట దగ్గర నువ్వు మారావా? ఈ నాలుగింటికీ జవాబు దొరక్కపోతే బాణీ ఎంత అందంగా ఉన్నా ఆ పాట పక్కన పెట్టు. దొరికితే అదే నీ పాట. నాకు తెలిసినంతలో పాట ఎంపిక అంటే ఇదే. మిగతావన్నీ దీని తర్వాతే.

ఇక బార్ల లెక్క. బార్ అంటే ఆవర్తనం అనుకో. నాలుగు దెబ్బల ఆవర్తనాలు పదహారు, అంటే 64 దెబ్బలు. మధ్యరకం వేగంలో అర నిమిషం. 32 అయితే ఒక నిమిషం. ఆ కాలపు పాటలు చాలావరకు ఎనిమిదేసి బార్ల ముక్కలు నాలుగు. మొదటి రెండు ముక్కలకీ ఒకే బాణీ, మూడోదానికి వేరే బాణీ, నాలుగోది మళ్లీ మొదటి బాణీ. మూడో ముక్కని బ్రిడ్జ్ అంటారు. మనిషి మనసు మలుపు తిరిగేది సాధారణంగా అక్కడే. అందుకే 16 బార్లు అడిగితే బ్రిడ్జ్ నుంచి చివరిదాకా పాడటం వాడుక. అన్ని పాటలూ ఈ కొలతకి దిగవు. అప్పుడు అర్థం పూర్తయ్యే ముక్క చూసుకో. రెండు బార్లు ఎక్కువైతే ఎవరూ కొట్టరు, ఒక పేజీ ఎక్కువైతే ఆపేస్తారు. 16కి ఒకటి, 32కి ఒకటి, రెండు కోతలూ సిద్ధంగా ఉంచుకో.

షీట్ మ్యూజిక్, అంటే పాట స్వరాలు అచ్చువేసిన కాగితాల దగ్గర మాత్రం నా మాట జాగ్రత్తగా విను, ఇది నేను కూర్చునే కుర్చీ. మీ తాతయ్య హార్మోనియం మీద నటుడి వెంట నడిచేవారు. నటుడు ఎక్కడ సాగదీస్తే అక్కడ ఆగేవారు, ఎక్కడ అందుకుంటే అక్కడ అందుకునేవారు. ఏళ్ల తరబడి కలిసి పనిచేసిన చెలిమి అది. నాకు నీతో ఆ చెలిమి లేదు. నిన్ను మొదటిసారి చూస్తున్నాను, నీ పాటని కూడా బహుశా మొదటిసారే చూస్తున్నాను. నాకున్నదల్లా నువ్వు ఇచ్చిన కాగితం. అందులో పాడే వరస, దాని కింద పియానో రెండు చేతుల వరసలూ ఉండాలి. మాటల మీద కార్డ్‌ల (కలిపి మోగించే స్వరాల) పేర్లు మాత్రమే ఉన్న కాగితం చాలదు. నీ గొంతుకి సరిపడే శ్రుతిలోనే అచ్చయి ఉండాలి. ‘రెండు మెట్లు కిందికి వాయించండి’ అని అప్పటికప్పుడు అడగొద్దు. ఆన్‌లైన్‌లో షీట్ మ్యూజిక్ అమ్మే చోట శ్రుతి మార్చి కొనుక్కోవచ్చు. ‘వోకల్ సెలెక్షన్స్’ పేరుతో వచ్చే పుస్తకాల్లో పాటని సులువు చేసి, ఒక్కోసారి శ్రుతి కూడా మార్చి వేస్తారు, అది చూసుకో. ‘ది సింగర్స్ మ్యూజికల్ థియేటర్ ఆంథాలజీ’ అని గొంతుల వారీగా సంపుటాలున్నాయి, పై స్థాయి మగ గొంతు టెనర్‌కి వేరు, అంతకంటే కింది స్థాయి బారిటోన్‌కి వేరు. మీ ఊరి లైబ్రరీలో అడిగి చూడు.

పేజీలు రెండువైపులా వచ్చేలా బైండర్‌లో పెట్టు. ఒకసారి ఒక కుర్రాడు విడి కాగితాలు ఇచ్చాడు. సరిగ్గా అతని పై స్వరం దగ్గర రెండు కాగితాలు జారి నేలమీద పడ్డాయి. నేను ఎడమచేత్తో ఏదో నడిపించాను, అతను భయపడి ఆపేశాడు. చక్కటి గొంతు. ఆ రోజు నాకు నిద్రపట్టలేదు. మొదలు ఎక్కడ, చివర ఎక్కడ, మధ్యలో ఏది వదిలేయాలి, అన్నీ పెన్సిల్‌తో కాదు, ముదురు ఇంకుతో గుర్తు పెట్టు. నా దగ్గరికి వచ్చి రెండు వాక్యాల్లో చెప్పు, వేగం కోసం ఒక లైను మెల్లగా పాడి వినిపించు. చిటికెలు వేయొద్దు. కరోకే ట్రాక్ ఇంట్లోనే వదిలేయ్.

నీ గొంతులో పద్యనాటకం ఉంది. అది పెద్ద ఆస్తి. మైకు లేకుండా చివరి వరస దాకా మాట వినిపించడం ఇక్కడ చాలామందికి రాదు. కానీ మూడు విషయాలు మార్చుకోవాలి. పద్యానికి తాళం లేదు, ఈ పాటకి ఉంది. ఐదు వారాల్లో రోజూ మెట్రోనోమ్ (టిక్ టిక్‌మని తాళం చూపే పరికరం) పెట్టుకుని పాడు. వీలైతే పియానో వచ్చినవాళ్లకి ఒక గంటకి డబ్బులిచ్చి రెండుసార్లు కలిసి పాడు. రెండోది, నిలిపిన స్వరం మీద గమకం వేయొద్దు. స్వరాన్ని నేరుగా తాకి, నేరుగా ఉంచు. కింది స్వరం నుంచి జారుతూ ఎక్కకు. మూడోది, గది చిన్నది. సభని కదిలించే గొంతు ఒకే ఒక్కచోట వాడు, చివర్లో.

యాస గురించి నిజం చెబుతాను. మన భాషలో మాటలు అచ్చుతో ముగుస్తాయి. ఆ అలవాటుతో ‘నైట్’ని ‘నైటు’, ‘స్ట్రీట్’ని ‘స్ట్రీటు’ అంటాం. పాటలో ఆ చివరి ఉకారం ఒక అదనపు స్వరమై కూర్చుంటుంది. హల్లు దగ్గర ఖచ్చితంగా ముగించు. ఇంగ్లిష్‌లో మనం ‘వ’ అని రాసేవి రెండు శబ్దాలు, ఒకదానికి పళ్లు పెదవికి తగలాలి, ఇంకోదానికి పెదవులు గుండ్రంగా చుట్టాలి. ఈ రెండూ సరిచేసుకుంటే చాలు. అమెరికన్‌లా మాట్లాడాలని ప్రయత్నించకు. అనటెవ్కాలో ఎవరూ అమెరికన్ కాదు.

రూపం గురించి కూడా అడిగావు. ప్రతి నాటక సమాజమూ ఒకేలా ఆలోచిస్తుందని హామీ ఇవ్వలేను. కానీ ఈ షో చరిత్ర నీ పక్షాన ఉంది. 1967లో టోక్యోలో జపనీస్ భాషలో వేశారు. అక్కడి నిర్మాత, ఇంత జపనీస్ కథ అమెరికావాళ్లకి ఎలా అర్థమైందని తనని అడిగాడని జోసెఫ్ స్టైన్ చెప్పుకునేవారు. పెళ్లిచూపులు, కట్నాలు, నాన్న మాట, ఊరి మాట, ఇవన్నీ చూస్తూ పెరిగిన తెనాలి అబ్బాయికి ఆ ఊరు పరాయిది ఎలా అవుతుంది? ఆచారానికి ఎదురు నిలిచి ఒక అమ్మాయిని అడగడానికి మోటెల్‌కి ఎంత ధైర్యం కావాలో నువ్వు పుస్తకం చదివి తెలుసుకోనక్కర్లేదు.

ఆ రోజు లోపలికి వెళ్లాక నీ పేరు, పాట పేరు, షో పేరు చెప్పు. పాడేటప్పుడు బల్ల వెనకవాళ్ల కళ్లలోకి చూడకు, వాళ్లకి రాసుకునే పని ఉంటుంది. వాళ్ల తలల పైన గోడ మీద ఒక చోటు చూసుకుని నీ ఎదుటి మనిషిని అక్కడ నిలబెట్టు. మాట మర్చిపోతే ఆగకు, క్షమాపణ చెప్పకు, తర్వాతి మాట అందుకో, నేను నీతోనే ఉంటాను. పియానో చివరి స్వరం పూర్తిగా ఆగేదాకా ఆ మనిషిగానే ఉండు. చాలామంది తమ ఆఖరి మాట అయిపోగానే ముఖం మార్చేస్తారు, అప్పటిదాకా కట్టిందంతా కూలిపోతుంది. బట్టలు శుభ్రంగా, కదలడానికి వీలుగా ఉంటే చాలు.

ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది, పాత్ర ఏదీ రాకపోతే బృందంలో చేస్తారా అని. అవును అని రాయి. ‘ఫిడ్లర్’లో ఊరిదే మొదటి పాట, ఆ ఊరు లేకపోతే టెవ్యే చెప్పే ఆచారమే లేదు. బృందంలో ఉన్నవాడు రెండు నెలలు రోజూ దర్శకుడి కంటపడతాడు, తర్వాతి షోకి ఎవరిని పిలవాలో వాళ్లు ఆలోచించేటప్పుడు ఆ ముఖం గుర్తొస్తుంది. రిహార్సల్స్‌కి రాలేని రోజులేవో కూడా ఆ ఫారంలోనే ఉన్నదున్నట్టు రాసేయ్, ఆఫీసులో రిలీజ్ ఉన్న వారంతో సహా.